తుప్పులో పెట్టుబడి

"బావా, కొనాలా వద్దా తేల్చుకోలేకపోతున్నా. నువ్వొచ్చి ఒక్కసారి చూడు" అన్నాడు మా బావమరిది. మనసులో ముహూర్తం కూడా పెట్టేసుకుని, మర్యాద కోసం పెద్దల్ని పెళ్ళిచూపులకు పిలుస్తారే, అచ్చం ఆ గొంతు.

వాడుండేది ఇంగ్లండులో, రెడింగ్‌లో. చేసేది సాఫ్ట్‌వేరు. వాడి చేతికి గ్రీజు అంటింది జన్మలో ఒక్కసారి, చిన్నప్పుడు సైకిలు చైను ఊడినప్పుడు. ఆ చైను ఎక్కించింది కూడా నేనే. అలాంటివాడు 1966 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొని, శని ఆదివారాల్లో సొంతంగా బాగుచేసి, రెండేళ్ళలో లాభానికి అమ్ముతాడట. మేం వాళ్ళింట్లో నెలరోజులు ఉందామని వెళ్ళినప్పటి మాట ఇది.

రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ లెక్క తెరిచాడు. కొన్న ధర, విడిభాగాలు, అమ్మకపు ధర, చివర్లో ఆకుపచ్చ రంగులో లాభం. వాడి గంటకు ఆఫీసు ఎంత కడుతుందో నాకు తెలుసు. కారు కింద పడుకునే గంటల గడి ఏదిరా అని అడిగితే "అది నా హాబీ బావా, దానికి ఖర్చేంటి" అన్నాడు. అంటే ఖర్చు రాసేటప్పుడు హాబీ, లాభం రాసేటప్పుడు వ్యాపారం. ఇంత వెసులుబాటు ఉన్న పద్దు మా ఊరి వడ్డీవ్యాపారి కూడా రాయలేదు.

నా మొహంలో నమ్మకం కనబడక వేలంపాటలు చూపించాడు. 2022 మేలో స్టుట్‌గార్ట్‌లో 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలకు పోయింది. నిజమే. కాకపోతే అలాంటివి ప్రపంచం మొత్తంలో తయారైంది రెండు. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా, వీడి ఇంటికి గంట దూరం కూడా లేని ఆబింగ్డన్ ఊళ్ళో, 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అంతమంది పుడితే దాన్ని జనాభా అంటారు గానీ అపురూపం అనరు. తర్వాత ఫ్రాన్సు కథ ఎత్తుకున్నాడు. 2014లో అక్కడ ఒక పాతకాలపు ఎస్టేటులో, రేకుల పాకల కింద బైయోన్ కుటుంబానివి పదుల కొద్దీ కార్లు దుమ్ముకొట్టుకుపోయి బయటపడ్డాయి. పాత పత్రికల గుట్ట కింద నలిగిన ఒక ఫెరారీని మరుసటి ఏడు పారిస్‌లో కోటీ 60 లక్షల యూరోలు దాటించి పాడుకున్నారు. అది ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ నడిపిన ఫెరారీ. ఆ రోజునుంచి దుమ్ముకు గిరాకీ వచ్చింది. బండి తుడిచి అమ్మేవాడు వెర్రివాడయ్యాడు.

ఈ బేరాల భాష నేర్చుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. తుప్పును తుప్పు అనరు, ప్యాటినా అంటారు. "భాగాలన్నీ ఉన్నాయి" అంటే డబ్బాల్లో ఉన్నాయని. "తొంభై శాతం పని అయిపోయింది" అంటే ఆ మిగిలిన పదీ చేయలేకే అమ్ముతున్నానని. అన్నిటికన్నా నాకు నచ్చింది "ఆపిన రోజు బాగానే నడిచింది" అన్న ముక్క. మా తాతయ్య కూడా పోయిన రోజు పొద్దున పెసరట్టు తిన్నాడు.

మరో ఆకర్షణ ప్రభుత్వం వైపునుంచి. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు, పెద్ద మార్పులేవీ చేయకపోతే ఏటేటా చేయించే ఎంఓటీ పరీక్షా అక్కర్లేదు. మనిషికి 40 దాటాకే కదా డాక్టరు ఆ పరీక్షా ఈ పరీక్షా రాసేది! "పైగా కారు అమ్మితే వచ్చే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు బావా" అని మెరిసే కళ్ళతో చెప్పాడు. అదీ నిజమే. నష్టం వస్తే దాన్ని లెక్కలో చూపించుకోనివ్వరన్న రెండో సగం మాత్రం చెప్పలేదు. పన్ను వేసేవాళ్ళే ఒక ఆస్తిని వదిలేశారంటే, దాంతో ఎవడికి ఏం మిగులుతుందో వాళ్ళు ముందే లెక్క చూసుకుని ఉంటారు.

శనివారం చూడ్డానికి వెళ్ళాం. పోతూపోతూ, మా ఆవిడ తెచ్చిచ్చిన తిరుమల మాగ్నెట్టును ఫ్రిజ్ మీంచి తీసి జేబులో వేసుకున్నాను. పాత బండి చూడబోతే అయస్కాంతం పట్టుకెళ్ళమని మా విజయవాడ ఆటోనగర్‌లో చిన్న పిల్లాడైనా చెబుతాడు. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ పెట్టి మెత్తినచోట జారిపోతుంది.

ముందు బోనెట్ మీద పెట్టాను. స్వామి జర్రున జారాడు. అమ్మేవాడు నవ్వి, ఆ ఏళ్ళ ఎంజీబీలకు బోనెట్ అల్యూమినియంతో చేసేవారని చెప్పాడు. అదీ నిజమే, తలొంచుకున్నాను. తర్వాత తలుపు కింద ఉండే పట్టీ మీద పెట్టాను. మళ్ళీ జారాడు. జానెడు పక్కకు జరిపాను, అక్కడా నిలవలేదు. అమ్మేవాడు ఆకాశంలో మబ్బుల్ని చూస్తున్నాడు.

"అక్కడ కూడా అల్యూమినియమేనేమో బావా!" అన్నాడు మావాడు.

ఇక్కడ కాస్త వివరం అవసరం. లారీలాంటి బండికి కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. ఎంజీబీకి అలా లేదు, రేకు ఒళ్ళే దాని ఎముక. తలుపు కింది ఆ పట్టీలే నడుం. వాటిని లోపల్నుంచి తుప్పు తినేస్తే బండి మధ్యలో కుంగుతుంది, తలుపులు బిగుసుకుపోతాయి. లోపల ఆసరా కట్టకుండా వాటిని కోసి కొత్తవి వెల్డింగు చేశారా, మళ్ళీ ఏ తలుపూ సరిగా పడదు. పైకి అరచేతి వెడల్పు పొక్కులా కనబడేది ఇల్లు పునాదితో సహా లేపే పని.

దీనికీ మందుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి ఎంజీబీకి కొత్త ఒళ్ళే తయారుచేసి అమ్ముతోంది. దాంట్లో బోరు చేయించిన ఇంజను, కొత్త వైరింగు, కొత్త సీట్లు బిగిస్తే పాతదంటూ మిగిలేవి నంబరు ప్లేటు, ఓనరు మోకాళ్ళు.

నా గొడవ కారుతో కాదు. ఆ చిన్న బండి, ఆ తీగల చక్రాలు, ఆ పొడుగాటి ముక్కు చూస్తే నాకూ నోరూరింది. నాకు ఒళ్ళు మండేది ఆ "పెట్టుబడి" అన్న మాటకు. మన ఇళ్ళలో ముచ్చటపడి ఏదీ కొనకూడదు. ఊరి చివర ముళ్ళకంపలో 200 గజాలు కొన్నా, బీరువాలోంచి బయటికి రాని వడ్డాణం కొన్నా పెట్టుబడి. ఇప్పుడు తుప్పుకూ అదే చీర కట్టబెడుతున్నారు. "నాకు సరదాగా ఉంది, డబ్బు పోతే పోయింది" అని పెళ్ళాం ముందు నిలబడి చెప్పగలిగితే, మొదటి పానా నేనే అందిద్దును.

వాడు కొన్నాడు. వేరే చెప్పాలా?

మేం తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు వీడియోలో ఫోను చేశాడు. గ్యారేజీలో ఎంజీబీ ముక్కలు, వాన కింద రోడ్డు మీద రోజూ నడిపే కారు. ఇంజను పట్టేసిందట, ఎవరైనా తెలిసినవాళ్ళుంటే చూపించమన్నాడు. తెలిసినవాళ్ళకేం లోటు? ఎంజీబీలో ఉన్నది 1798 సీసీ బి-సిరీస్ ఇంజను. మన అంబాసిడర్‌ను దశాబ్దాలపాటు మోసిన 1489 సీసీ ఇంజను స్వయానా దాని అన్న. వాడు వేల పౌండ్లు పోసి కొన్న ఇంగ్లీషు దొర మా పెళ్ళిళ్ళకు అద్దెకు తెచ్చిన ట్యాక్సీకి తమ్ముడుగారన్నమాట. ఫోను పట్టుకుని ఆటోనగర్‌లో ముప్పైయేళ్ళు అంబాసిడర్లు విప్పిన పెద్దమేస్త్రీ దగ్గరికి వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఫోనులోకి చూశాడు. ఇంజను చూశాడు, ఒళ్ళు చూశాడు, తలుపు కింది పట్టీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"మనదేనండీ, నాకు తెలుసు" అన్నాడు నాతో. తర్వాత మావాడి వైపు తిరిగి మర్యాదగా అడిగాడు: "ఇంతకీ కాటా వేయించారా బాబూ, గుత్తకే ఇచ్చేస్తున్నారా?"