మహారాజా, తమరి దానగుణం!

మహారాజా! ఆ తలపాగా, ఆ కోరమీసం, ఆ వంగిన నడుము! 1946లో సంస్థ అధికారి బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి తమర్ని బొమ్మగా గీసి ఎయిర్ ఇండియా గుమ్మంలో నిలబెట్టింది మొదలు తమరు వంగే ఉన్నారు. ఆ వినయం ప్రయాణికుడికేమోనని చాలాకాలం భ్రమపడ్డాం.

సంస్థను స్థాపించిన జె.ఆర్.డి. టాటాకు రాజరికం చేతకాలేదు. 1932లో కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులేసుకుని తానే విమానం నడుపుకొచ్చిన మనిషి. కౌంటరు మీద దుమ్ము కనిపిస్తే ఛైర్మన్‌గారే గుడ్డ పుచ్చుకునేవారట! 1953లో జాతీయం చేశాక కూడా పాతికేళ్లు ఈ అప్రతిష్ట భరించి, 1978లో ప్రభుత్వం ఆయన్ని సాగనంపి తమరి హోదా నిలబెట్టింది.

ఇక దానమంటారా, తమరి తరవాతే ఎవరైనా. 1967లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ తమరికి యాష్‌ట్రే ఒకటి రూపొందించి, ప్రతిఫలంగా ఏనుగుపిల్లను అడిగాడు. తమరు నిజంగానే గున్న ఏనుగును విమానమెక్కించి పంపారు. అప్పుడంటే కలిగిన రోజులు. కలిమి పోయాక కూడా చెయ్యి వెనక్కి తీయకపోవడమే తమరి గొప్ప. మంత్రులూ అధికారులూ అరువు టిక్కెట్ల మీద ఎగురుతుంటే పద్దు రాసుకుని నమస్కరించారే తప్ప, గట్టిగా అడిగిన పాపాన పోలేదు.

తమరూ ఇండియన్ ఎయిర్‌లైన్సూ కలిపి 111 కొత్త విమానాలకు ఆర్డరిచ్చి, 2007లో ఒక్కటయ్యారు. రెండు జీతాల లెక్కలు, రెండు సీనియారిటీలు, రెండు వర్గాల పైలట్లు. కొత్త డ్రీమ్‌లైనర్ విమానాలు నడపడం ఎవరికి నేర్పాలన్న పేచీతో 2012లో కొందరు 58 రోజులు ఏ విమానమూ నడపలేదు. ఇంత విశ్రాంతి ఏ సంస్థ ఇస్తుంది?

ఒక్కసారి మాత్రం తమరు దారి తప్పారు. 1990లో కువైట్ యుద్ధంలో చిక్కుకున్న మనవాళ్లను అమ్మాన్ నుంచి 488 ట్రిప్పుల్లో, దాదాపు రెండు నెలల్లో, లక్ష మందికి పైగా ఇంటికి చేర్చారు. పని చేతనవునన్న సంగతి అలా బయటపెట్టుకోకుండా ఉండాల్సింది. ఆ తరవాత మేం ఏ సాకు నమ్మాలి?

2018లో తమర్ని అమ్మకానికి పెట్టి స్వయంవరం ప్రకటిస్తే ఒక్క వరుడూ రాలేదు. 2021 ఆగస్టు నాటికి అప్పు 61,562 కోట్లు. నష్టం రోజుకు 20 కోట్లని సర్కారువారే చెప్పారు. చివరికి టాటాలు 18,000 కోట్లకు ఒప్పుకున్నారు. అందులో 15,300 కోట్లు అప్పుకింద తలకెత్తుకోవడం, చేతికి వచ్చింది 2,700 కోట్లు. మిగతా అప్పు మహాప్రసాదంగా మా నెత్తికే వదిలారు. కళ్లకద్దుకున్నాం.

బేరం కుదిరిన అక్టోబరులోనే ఆర్థిక శాఖ మంత్రిత్వ శాఖలన్నిటికీ ఓ కాగితం పంపింది: ఎయిర్ ఇండియా బకాయిలు వెంటనే కట్టండి, ఇకపై టిక్కెట్లు నగదుకే కొనండి. తమరు పరాయివారయ్యే వేళకు గాని మా దొరలకు జేబు ఎక్కడుందో గుర్తుకు రాలేదు, మహారాజా!