రింగుల ఫోటో ఏది బావా?

మా బావ పామర్రులో మూడంతస్తుల మేడ కట్టి గృహప్రవేశం చేశాడు. నెల తిరిగేసరికి ఆల్బమ్ వచ్చింది. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కేంత ఆల్బమ్. ఆవూ దూడా గడప దాటుతున్న ఫోటో, పాలు పొంగుతున్న ఫోటో, గుమ్మడికాయ పగిలిన ఫోటో, డ్రోను ఎగరేసి తీసిన ఫోటో. అందులో మా బావ కంటే వాటర్ ట్యాంకే బాగా పడింది. కింద పార్కింగ్‌లో పిల్లర్లకి బంతిపూల దండలు చుట్టి, ఒక్కోదాన్నీ పెళ్ళికొడుకులా నిలబెట్టారు.

చివరి పేజీ దాకా తిప్పి, "రింగుల ఫోటో ఏది బావా?" అన్నాను.

"ఉంగరాలు మార్చుకోడానికి ఇదేమన్నా నిశ్చితార్థమట్రా?" అన్నాడు.

నేనడిగింది పిల్లర్లో వేసిన ఇనుప రింగుల గురించి. ఆయన్ని అని లాభం లేదు. ఆ ఫోటో తీయించుకున్న ఇంటాయన ఈ డెల్టాలో నాకింతవరకు తగల్లేదు. పునాదికి కొబ్బరికాయ కొట్టిన ఫోటో ఉంటుంది, స్లాబు రోజున మేస్త్రికి బట్టలు పెట్టిన ఫోటో ఉంటుంది. ఇంటిని నిలబెట్టే ఇనుముకి మాత్రం ఒక్క ఫోటో ఉండదు.

ఫోటోల మీద మనకి మోజు లేదని ఎవడంటాడు? 2024 డిసెంబరు 4న పొద్దున్న ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర భూమి కదిలింది. తీవ్రత 5.3. ఆ ఊపు విజయవాడ దాకా వచ్చింది. అపార్టుమెంట్లలో జనం లుంగీలతో, నైటీలతో మెట్లు దిగి పరిగెత్తారు. కళ్ళజోడు మరిచినవాళ్ళున్నారు, చెప్పులు మరిచినవాళ్ళున్నారు, ఫోను మరిచినవాడు లేడు. రెండో కాఫీ వేళకి ఊగుతున్న ఫ్యాన్లూ తొణుకుతున్న బిందెలూ ఊరంతా తిరిగాయి. కిందికి దిగినవాళ్ళు దిగినట్టే పార్కింగ్‌లో గుమిగూడి, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు. పెద్ద భూకంపమే వస్తే ఆ బిల్డింగులో ముందుగా నలిగేది ఆ పార్కింగే. మొసలిని తప్పించుకుని, దాని నోట్లోనే కూర్చుని ఆయాసం తీర్చుకున్నట్టు.

నా మాట నమ్మక్కర్లేదు, ఫోటోలున్నాయి. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ దగ్గర భూమి కంపిస్తే, రెండువందల కిలోమీటర్లు దాటి అహ్మదాబాద్‌లో డెబ్భైకి పైగా అపార్టుమెంట్లు కూలాయి. ఏడువందల మందికి పైగా పోయారు. కూలినవాటిలో చాలావాటికి కింద గోడల్లేవు, కార్ల కోసం వదిలిన పిల్లర్లే. పైన గోడలతో బిగిసిన ఇళ్ళు బండరాయిలా నిలబడితే, కింద పిల్లర్లు రెల్లుపుల్లల్లా వంగాయి. పైగా సబర్మతి ఒండ్రు నేల. మెత్తటి నేల ఊపుని పెంచి మరీ పైకి పంపుతుంది. ఆ ఫోటోలు మన పేపర్ల మొదటి పేజీల్లోనూ వచ్చాయి. చూశాం, అయ్యో పాపం అన్నాం, ఆ పేపరు మీదే పకోడీలు తిన్నాం. తర్వాత కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు మీద, సరిగ్గా అదే తీరున, కింద కార్లూ పైన కాపురాలూ పెట్టి కట్టుకుంటూ పోయాం. ఆ ఫోటోల్ని మనం హెచ్చరిక అనుకోలేదు, నమూనా అనుకున్నాం.

ముప్పు పక్కనే పెట్టుకుని ఫోటోలు దిగే ఈ విద్య మనమొక్కరమే నేర్చింది కాదు. 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైల్స్ సోదరులు ట్రాము ముందు కెమెరా పెట్టి మార్కెట్ స్ట్రీట్ పొడుగునా సినిమా తీశారు. గుర్రపు బళ్ళు, కొత్త మోటార్లు, బండికి అడ్డం పరిగెత్తే పేపరు కుర్రాళ్ళు, టోపీ సర్దుకునే పెద్దమనుషులు. తీసిన నాలుగు రోజులకే, ఏప్రిల్ 18 తెల్లవారుజామున, ఆ వీధి కూలింది, కూలింది కాస్తా తగలబడింది. ముందు రోజు రాత్రే రైలెక్కింది కాబట్టి సినిమా మిగిలింది. అందులో నవ్విన వాళ్ళెవరికీ తాము తర్వాతి ఫోటోకి ముందు ఫోటోలో ఉన్నామని తెలీదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో పండగ షాపింగు సెల్ఫీ దిగేవాళ్ళకి మాత్రం తెలుసా ఏం?

కూలాక ఆ ఊరి పెద్దలు చేసిన పని చూస్తే వాళ్ళకి మనతో చుట్టరికం ఉందనిపిస్తుంది. భూకంపం అనే మాట నోట రానివ్వలేదు, అగ్నిప్రమాదం అన్నారు. నిప్పుకి ఇన్సూరెన్సు ఉంది, భూకంపానికి లేదు. పైగా నిప్పు ఏ ఊళ్ళో అయినా పుడుతుంది, భూకంపం అంటే ఆ ఊళ్ళో స్థలం ఎవడు కొంటాడు? చచ్చినవాళ్ళ లెక్క వందల్లో ఆపేశారు. గ్లాడిస్ హాన్సెన్ అనే లైబ్రేరియన్ ఏళ్ళ తరబడి కూర్చుని పేర్లు ఏరితే అది మూడువేలు దాటింది. అక్కడే జార్జ్ లారెన్స్ అనే ఫోటోగ్రాఫరు 17 గాలిపటాలకి కెమెరా కట్టి, రెండువేల అడుగుల ఎత్తు నుంచి బూడిదైన ఊరిని ఫోటో తీశాడు. మన నాయకులు ఆ విద్యకి మెరుగులు దిద్దారు. వరదొస్తే కెమెరాతో పాటు తామూ పైకెళతారు. పైకెళ్ళాక కెమెరా కిందికి చూడదు, పక్కకి చూస్తుంది. హెలికాప్టరు కిటికీ, దిగాలుగా ఒక మొహం, ఓ మూలన కాస్త నీళ్ళు. లారెన్స్ ఫోటోలో వీధులు లెక్కపెట్టుకోవచ్చు. మన ఫోటోలో నాయకుడి ఉంగరాలు లెక్కపెట్టుకోవచ్చు.

ఫోటో మన దగ్గర ఎప్పుడూ పని చెయ్యలేదని అనను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కే పదివేలకి అటూ ఇటూ. ఆ నలుపు తెలుపు ఫోటోలు దేశాన్ని కుదిపేశాయి. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయంటే అందులో ఆ ఫోటోల పుణ్యం కొంత ఉంది. మన ఫోటోలు సిమెంటుగా మారిన సందర్భం అదొక్కటే నాకు గుర్తు. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళ గుర్తుగా పులిగడ్డలో నిలిపిన స్తూపానికి ఏటా దండ వేస్తాం, దండ వేస్తూ ఫోటో దిగుతాం, మరుసటేడు దాకా మరిచిపోతాం.

"ఉప్పెన సరే, మనకి భూకంపాలేంట్రా" అంటాడు బావ. 1967లో ఒంగోలు ఊగింది, తీవ్రత 5.4. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ఊగింది, 5.7. భుజ్ తర్వాత 2002లో సవరించిన భూకంప జోన్ల మ్యాపు విజయవాడని మూడో జోన్‌లో ఉంచింది. ఇక 2004 డిసెంబరు 26న భూకంపం మనల్ని వెతుక్కుంటూ సముద్రం మీద వచ్చింది. సుమత్రా దగ్గర చీలిన నేల లేపిన కెరటం మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకి దిగినవాళ్ళని ఈడ్చుకుపోయింది. రాష్ట్రంలో 105 మంది పోయారు. పామర్రులో బస్సెక్కి బందరు దాకా వెళ్తే మిగతాది ఆటో దూరం.

ఇప్పుడు రింగుల సంగతి. పిల్లర్లో నిలువు కడ్డీలన్నిటినీ చుట్టి పట్టుకునేది రింగు. దాని కొసల్ని 135 డిగ్రీలకి వంచి కాంక్రీటు కడుపులోకి దించాలని ఇండియన్ స్టాండర్డ్ 13920 చెబుతుంది. మన సైట్లలో తొంభైకి వంచి వదిలేస్తారు. గట్టిగా ఊపు తగిలితే ముందు పైపెచ్చు ఊడుతుంది. తొంభై డిగ్రీల కొస పాత గొళ్ళెంలా విచ్చుకుంటుంది. కడ్డీలు పక్కలకి ఉబ్బుతాయి. పైన ఉన్న అంతస్తులన్నీ కింది అంతస్తులో కూర్చుంటాయి. తేడా అంతా కూలీ చేతిలో ఒక్క వంపు. ఆ వంపు కాంక్రీటు పోశాక కనపడదు. పైన పటారం, లోన లొటారం. అసలు సంగతి బయటపెట్టేది భూకంపం ఒక్కటే. శిథిలాల ఫోటోల్లో మనం చూసే ఆ విచ్చుకున్న ఇనుము, కట్టేనాడు ఎవరూ తీయని ఫోటోనే. ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఏలినవారి సంగతి చెప్పాలా? ప్లానుకి మించి లేపిన అంతస్తుల కోసం 2007లో ఒకసారి, 2015లో ఒకసారి పెనలైజేషన్ స్కీములు పెట్టారు. డబ్బు కట్టు, రసీదు పట్టు, అంతస్తు సక్రమం. భూమి కదిలిన రోజున ఆ రసీదు పిల్లరుకి అంటిస్తే సరి, భూకంపం చదువుకుని పక్కింటికి వెళ్ళిపోతుంది.

ఇదంతా బావకి చెప్పాను. ఈశాన్యం బోరు జానెడు పక్కకి పడిందని పూడ్పించి మళ్ళీ వేయించిన మనిషి ఆయన. వాస్తు సిద్ధాంతిని మూడుసార్లు పిలిపించాడు. ఇంజనీరు సంతకం ప్లానుతో పాటే కొరియర్లో వచ్చింది.

"ఇప్పుడేం చెయ్యమంటావురా, పిల్లరు పగలగొట్టి చూపించనా?"

"వద్దు బావా. పెద్దాడి స్థలంలో వచ్చే నెల మొదలెడుతున్నావుగా. అక్కడ కాంక్రీటు పోసేముందు పిల్లరు పిల్లరుకీ రింగుల ఫోటో తీయించు. కొసలు కనపడేట్టు. తప్పుంటే అక్కడికక్కడే మళ్ళీ వంపించు."

బావ ఆల్బమ్ మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. మాట తలకెక్కిందనే అనుకున్నాను.

"తీయిద్దాంలే. ఫోటో అంటే మనకేమన్నా బరువా? మరి ఆ రింగుల ఫోటోలో మీ అక్కా నేనూ ఎక్కడ నిలబడాలి?"