స్తంభంలో సింగిల్ రూమ్

ఆ తీర్మానం మీ వాట్సాప్‌లోకీ వచ్చే ఉంటుంది. నార్సింగి దాటాక ఉన్న ఆ గేటెడ్ కమ్యూనిటీ వారు స్విమ్మింగ్ పూల్ పక్కన అర్ధచంద్రాకారంలో, పది రోమన్ స్తంభాలతో పెర్గోలా కట్టించాలని ఆదివారం మీటింగులో ఏకగ్రీవంగా నిర్ణయించారు. రెండో అంశం, పనిమనుషులకీ సెక్యూరిటీవాళ్లకీ ఓ మరుగుదొడ్డి. 'స్థలాభావం వల్ల వీలుపడదు' అని తేల్చేశారు.

రెండంశాలనీ విడదీయడమే పొరపాటు. పెర్గోలాకి కప్పుండదు, అడ్డదూలాలే. ఎండా ఆగదు, వానా ఆగదు. ఆ మాత్రం దానికి అంతేసి లావు స్తంభాలా? పైగా అవి రాతివి కావు. నడుమ ఇనుప పైపు, చుట్టూ జీఆర్‌సీ (గాజుపీచు కలిపిన కాంక్రీటు) డొల్ల, నెత్తిన ఆకుల కిరీటం. లోపలంతా ఖాళీ! స్థలాభావమన్నారు కదా, ఇదిగో స్థలం.

స్తంభానికొక మనిషిని కేటాయిద్దాం. కుర్చీ వేస్తే నిద్రపోతాడని సెక్యూరిటీ గార్డుకి ఎలాగూ వెయ్యరు. పన్నెండు గంటలు నిలబడేవాడికి రెండడుగుల గుండ్రటి గది చాలదూ? ఒరగడానికి పైపు కూడా ఉందాయె. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కునిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ఆ జాడ్యం ఇటు పాకకముందే మనవాళ్లని స్తంభాల్లో దింపేస్తే మేలు. మోకాలు మడవడానికే వీలుండదు.

పనిమనిషి మెయిన్ లిఫ్టులో కనిపిస్తే బీపీ పెరిగేవారికీ ఇదే మందు. ఏథెన్స్‌లో ఎరెక్తియన్ గుడి వసారాని ఆరుగురు ఆడవాళ్ల శిల్పాలు నెత్తిన మోస్తుంటాయి. గ్రీకులకి రాళ్లే దొరికాయి, మనకి మనుషులున్నారు. పైకి పాకించిన కాగితప్పూల తీగ పూలు రాల్చి పూల్ ఫిల్టర్‌ని పూడ్చినప్పుడల్లా స్తంభంలోంచి ఓ చెయ్యొచ్చి ఏరేస్తుంది. గది అద్దె జీతంలో కోసుకోవచ్చు. స్తంభంలోంచి బయటికొచ్చినవాడు మన పురాణంలో ఏం చేశాడో తెలుసు కాబట్టి గడియ మాత్రం బయటివైపే పెట్టించండి. సంధ్యవేళ మరీ జాగ్రత్త.

ఒక్కటే చిక్కు. లోపలున్న మనిషికి ఒంటికొస్తే?

అదే అడుగుతున్నాను. పొద్దున ఆరింటికి గేటు దగ్గర సంచీ తెరిచి చూపించి లోపలికొచ్చిన ఆడమనిషి, నాలుగిళ్లలో మీ కమోడ్లు తోమి మధ్యాహ్నం రెండింటికి బయటపడుతుంది. ఒక్కదానిమీదా కూర్చోనివ్వరు. అందుకని నీళ్లు తాగడమే మానేస్తుంది. మూత్రంలో మంటొచ్చి ఒకరోజు రాకపోతే ఆ రోజు జీతం కోస్తారు. పూల్‌లో దిగేముందు స్నానం చేయండని బోర్డు పెట్టారే, ఆ షవర్ గదులకి చోటెక్కడిది? అర్ధచంద్రం కోసం మేస్త్రీ మేకు కొట్టి, తాడు తిప్పి, సున్నం గీసిన జాగాలో నాలుగు దొడ్లు కట్టినా ఇంకా మిగులుతుంది. ఇవ్వడం ఇష్టంలేదని మినిట్స్‌లో రాసుకోండి. చోటు లేదని రాయకండి.