అప్‌గ్రేడ్ సందేశం: సంజీవనీ వ్యాఖ్యాసహితం

మూలం: "ప్రియమైన వినియోగదారుడా! మీ ప్రాంతంలో మా నెట్‌వర్క్ 5జీకి అప్‌గ్రేడ్ అవుతున్నది. ఇకపై మెరుపు వేగంతో అపరిమిత డేటాను ఆస్వాదించండి*. తాత్కాలిక అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

అవతారిక: మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. మేఘసందేశం కూడా అందులో ఉంది. ఆధారం లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు అన్నది ఆయన నియమం. మాకు అందులో మొదటి సగమే సాధ్యం. ఫోనుకు వచ్చిన పై గ్రంథం కూడా సందేశకావ్యమే గనుక, దీనికి ఇంతవరకు వ్యాఖ్యాత పుట్టలేదు గనుక, సూరిగారి వ్యాఖ్య పేరు అరువు తెచ్చుకుని ఈ పనికి పూనుకుంటున్నాం.

కర్తృనిర్ణయం: కర్త పేరు గ్రంథంలో లేదు. పంపినవారి పేరుండాల్సిన చోట కొన్ని ఆంగ్లాక్షరాలుంటాయి. మొదటిది కంపెనీకి గుర్తు, రెండోది సర్కిల్‌కు. రాష్ట్రం 2014లో రెండైనా టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఆస్తుల పంపకం అక్కర్లేకుండా కలిసి ఉన్న ఉమ్మడి కాపురం బహుశా ఇదొక్కటే. చివరన గీత పక్కన వచ్చే అక్షరం 2025లో మొదలైన ఆచారం: 'పీ' అయితే ప్రచారం, 'ఎస్' అయితే సేవ, 'టీ' అయితే లావాదేవీ, 'జీ' అయితే ప్రభుత్వం. మా ప్రతిలో 'ఎస్' ఉంది. లక్షణాలన్నీ 'పీ'వి. లేఖకదోషం కావచ్చు.

ఛందస్సు: దీన్ని వచనం అనుకునేవాళ్లు పైపైన చదివినవాళ్లు. ఎస్సెమ్మెస్‌కు కొలత 140 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే 160 అక్షరాలు పడతాయి, తెలుగులో రాస్తే 70. ఆ 160ని 1985లో స్థిరపరచినవాడు జర్మనీకి చెందిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్. పింగళుడి తర్వాత ఇంతమంది చేత కొలిచి రాయించిన లాక్షణికుడు మరొకడు లేడు. పాపం, ఆయనకు వత్తుల సంగతి తెలియదు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు. పొల్లుకూ గుడిదీర్ఘానికీ విడివిడిగా చోటు ఇవ్వాలి. సందేశం 70 దాటితే ముక్కలవుతుంది. ముక్కల్ని మళ్లీ వరసలో అతికించే ఆనవాలుకు కొంత పోగా ఒక్కో ముక్కకు మిగిలేది 67. ఆ లెక్కన మన మూలం మూడు పాదాల పద్యం, మొదటి పాదం సరిగ్గా 'అప్‌గ్రేడ్' దగ్గర విరుగుతుంది. నమ్మకం లేనివారు లెక్కపెట్టుకోవచ్చు. కంటికి కనిపించని విడదీత గుర్తులు రెండున్నాయి, వాటిని మరువకూడదు. అప్‌గ్రేడ్ అయిందా, అవుతున్నదా, ఆగిపోయిందా అన్నది రెండో పాదం చేరితే గాని తెలియదు. ఇంతటి యతి పూర్వకవుల్లో కూడా అరుదు.

ప్రియమైన వినియోగదారుడా: 'ప్రియమైన' శ్లేష. గ్రంథవిస్తరభీతిచేత వివరించడం లేదు.

మీ ప్రాంతంలో: ఈ సందేశానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. పూర్వపక్షి అంటాడు కదా: "వినియోగదారుడా అని ఏకవచనంలో పిలిచారు, మీ అన్నారు. కాబట్టి ఆ వేగం నాదే." కాదు. 'మీ' ప్రాంతానికి విశేషణం, వేగానికి కాదు. వేగం టవరుది. టవరు సాధారణంగా మూడు దిక్కులకు మూడు ముఖాలు పెట్టుకుని ఉంటుంది. ఒక ముఖం కింద ఉన్న ఊరంతా ఒకే బంతిలో కూర్చున్నట్టు లెక్క. 20 మెగాహెర్ట్జ్ తరంగాలతో, రెండు యాంటెన్నాల పద్ధతిలో 4జీ ఒక ముఖానికి వండగలిగింది మహా అయితే సెకనుకు 150 మెగాబిట్లు. అదీ శాస్త్రంలో. వందమంది ఒకేసారి విస్తళ్ల ముందు కూర్చుంటే తలా ఒకటిన్నర. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 మెగాబిట్లు ఉండాలని కేంద్రం 2023లో నిర్వచనం మార్చింది, అంతకుముందు 512 కిలోబిట్లు చాలేవి. అంటే సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు మన 4జీ శాస్త్రప్రకారం బ్రాడ్‌బ్యాండే కాదు.

పోనీ సమానంగానైనా వడ్డిస్తారా? టవరు దగ్గర, అడ్డు లేనిచోట ఉన్న ఫోనుకు ఒక్కో సంకేతంలో 6 బిట్లు మోయించవచ్చు. ఊరి చివర, మామిడితోట అవతల ఉన్న ఫోనుకు రెండు బిట్లు మోయించడమే గొప్ప. అంతకు మించితే రొదలో కలిసిపోతాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్న సామెత ఇక్కడ చెల్లదు. ఈ వడ్డించేవాడికి బంధుత్వం లేదు, సిగ్నలే చుట్టం.

మరి 5జీ వల్ల ఒరిగిందేమిటంటే, వంటశాల పెద్దదైంది. 3300 మెగాహెర్ట్జ్ పట్టీలో పెద్ద కంపెనీలు తలా 100 మెగాహెర్ట్జ్ కొనుక్కున్నాయి. వెనకటి 20తో పోలిస్తే అయిదు రెట్ల వెడల్పు. ఇది నిజమైన లాభం, వ్యాఖ్యాత కూడా ఒప్పుకుంటున్నాడు. అయితే ఆ పట్టీ తరంగాలకు గోడలంటే గిట్టదు. వరండాలో 5జీ, వంటింట్లో 4జీ అయ్యే ఇళ్లు ఇందుకే. 700 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి లోపలికొస్తాయి, దూరమూ పోతాయి. కానీ ఆ పట్టీ ఇరుకు. 2022 వేలంలో దాన్ని కొన్నది జియో ఒక్కటే, అదీ సర్కిల్‌కు 10 మెగాహెర్ట్జ్.

మా నెట్‌వర్క్: ప్రాంతం మీది, నెట్‌వర్క్ మాది. స్పష్టం.

5జీకి: రూపంలో షష్ఠీ విభక్తి, అర్థంలో చతుర్థి. 5జీ కొరకు అప్‌గ్రేడ్ అవుతున్నదని అర్థం, 5జీగా మారిందని కాదు. ఫోను నెత్తిన 5జీ అని గుర్తు కనిపిస్తోంది కదా అనకూడదు. ఎయిర్‌టెల్ మొదట ఎంచుకున్న పద్ధతిలో 5జీ తన కాళ్ల మీద తాను నిలబడదు, 4జీ భుజమెక్కి నడుస్తుంది. అలాంటిచోట చుట్టుపక్కల 5జీ ఉందని 4జీ టవరు చెప్పినంత మాత్రాన ఫోను ఆ గుర్తు వేసుకోవచ్చు, డేటా వస్తున్నది 4జీ మీదుగానే అయినా. జియో మొదటి నుంచీ వేరు కాపురం పెట్టింది.

ఇక్కడ ఒక పాఠాంతరం ఉంది. మనవాళ్లు వేలకొద్దీ కాపురముంటున్న డాలస్ నగరమే ప్రధాన కార్యాలయంగా గల ఏటీ అండ్ టీ, 2019 ఆరంభంలో మెరుగుపరచిన 4జీ వాడే ఫోన్లలోనే '5జీ ఈ' అని గుర్తు మార్చేసింది. టవరు అదే, ఫోను అదే, పేరు మాత్రం కొత్తది. పోటీ కంపెనీ స్ప్రింట్ కోర్టుకెక్కింది. ఆ మాటను ప్రకటనల్లో మానుకోమని అక్కడి ప్రకటనల పరిశీలక మండలి 2020లో సిఫారసు చేసింది. నామకరణమే అప్‌గ్రేడ్ అనే ఆ సంప్రదాయం మా సిద్ధాంతానికి విరుద్ధం కనుక పరిహరిస్తున్నాం.

అప్‌గ్రేడ్ అవుతున్నది: చేసేవాడెవరో చెప్పని క్రియ. వర్తమానంలా కనిపిస్తుంది గాని, వ్యాకరణంలో చిన్నయసూరి తద్ధర్మం అన్నదే ఇక్కడ పొసగుతుంది: సూర్యుడు ఉదయించును, నెట్‌వర్క్ అప్‌గ్రేడ్ అగును. 2010లో 3జీ వేలం, 2012లో కోల్‌కతాలో తొలి 4జీ, 2016 సెప్టెంబరు 5న జియో ఆగమనం, 2022 అక్టోబరు 1న 5జీ. 2025 సెప్టెంబరులో బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ. ఇందులో ఎక్కడా 'అయినది' అన్న భూతకాలం ప్రయోగించే తీరిక ఎవరికీ దొరకలేదు.

మెరుపు వేగంతో: మెరుపు వచ్చి పోతుంది, సిగ్నలూ వచ్చి పోతుంది, అదే సాధర్మ్యం అని అల్పబుద్ధులు వ్యాఖ్యానిస్తారు. అది చవకబారు వ్యాఖ్య. అసలు సంగతి ఏమిటంటే, రేడియో తరంగం 2జీ నాడూ కాంతివేగంతోనే పోయింది, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. 5జీలోనూ అంతే. పెరిగింది తరంగం పరుగు కాదు, ఆ పరుగులో మోసే బరువు. ఎంత మోయవచ్చో, దారి వెడల్పును బట్టీ రొదకు మించి సంకేతం ఎంత ఉందో దాన్ని బట్టీ క్లాడ్ షానన్ 1948లోనే సూత్రం కట్టేశాడు. కాబట్టి 'మెరుపు వెడల్పుతో' అన్నది సాధుపాఠం. ఎవరూ కొనరు గనుక కర్త వాడలేదు.

అపరిమిత డేటాను: పరిమితి లేనిది అని అర్థం చెప్పరాదు. పరిమితి దాటాక కూడా ఆగనిది అని చెప్పాలి. రోజుకు 2 జీబీ అయ్యాక వేగం 64 కిలోబిట్లకు దిగుతుంది; ఆ వేగంతో 5 ఎంబీ ఫొటో ఒకటి దిగడానికి పది నిమిషాలు. 2జీ కాలపు జీపీఆర్‌ఎస్ సైతం కాగితం మీద 171 కిలోబిట్లు ఇచ్చేది. భోగానంతరం వెనకటి జన్మకు పోవడమన్నమాట.

ఆస్వాదించండి*: ఈ నక్షత్రం అశ్వని మొదలైన ఇరవయ్యేడింటిలో లేదు. అభిజిత్తును కలుపుకున్నా రాదు. జాతకం మాత్రం దీని చేతిలోనే ఉంటుంది.

తాత్కాలిక అసౌకర్యమునకు: అసౌకర్యం ఎవరికి తాత్కాలికమో చూడాలి. కొత్త తరానికి తరంగాలు ఆకాశం నుంచి ఊడిపడవు. తరచుగా పాత తరం దగ్గరున్న వాటిని ఖాళీ చేయించి తెస్తారు. ఎయిర్‌టెల్ 2020కల్లా 3జీని ఎత్తేసి ఆ పట్టీని 4జీకి మళ్లించింది. 3జీ ఫోను ముచ్చటపడి కొనుక్కున్న మనిషి డేటా కోసం 2జీకి దిగాడు, లేదా కొత్త ఫోను కొన్నాడు. నెట్‌వర్క్ అప్‌గ్రేడ్ అంటే వినియోగదారుడి జేబులోని యంత్రం డౌన్‌గ్రేడ్ కావడం అని లక్షణార్థం.

చింతిస్తున్నాము: చింత అంటే దుఃఖమనే కాదు, ఆలోచన అని కూడా. ఆలోచిస్తున్నారు.

తాత్పర్యం: ఓ వినియోగదారుడా, నువ్వుండే చోట, నువ్వొక్కడివే కాకుండా అందరూ పంచుకునే దారిని వెడల్పు చేసే పని సాగుతూ ఉంటుంది. గోడ అడ్డు లేకపోతే, బంతిలో జనం పలచగా ఉంటే, నీ ఫోను ఆ తరానిదైతే, నక్షత్రం అనుకూలిస్తే, నీకూ కొంత అందును. ఈలోగా ఓర్చుకొనుము.

ఫలశ్రుతి: 2022 వేలంలో ప్రభుత్వానికి ఒప్పుకున్న మొత్తం 1,50,173 కోట్ల రూపాయలు. 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ రీచార్జి ధరలు పెంచాయి. రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్లాను వేసుకున్నవాడే అపరిమిత 5జీకి అధికారి అని జియో నియమం పెట్టింది. యజ్ఞఫలం దక్షిణ ఇచ్చిన యజమానికే చెందుతుంది గాని పుచ్చుకున్న ఋత్విక్కులకు కాదని మీమాంసకులంటారు. ఆ లెక్కన ఫలం మనకే రావాలి. వస్తుంది, 28 రోజులకోసారి, రీచార్జి గడువు రూపంలో. ఆ 28 రోజుల నెల చాంద్రమానంలో లేదు, సౌరమానంలో లేదు. ఏడాదికి పదమూడు రీచార్జులు పడతాయి గనుక, ఈ పంచాంగంలో ప్రతి సంవత్సరమూ అధికమాసమే.