బస్సు: టీకా తాత్పర్యం

మూలం: “మాచర్ల బస్సు... జరగండి, జరగండి, రైట్!”

ప్రతిపదార్థం: మాచర్ల = చెన్నకేశవస్వామి వెలసిన ఊరికి పోవునట్టి; బస్సు = దీని కథ కింద చూడుడు; జరగండి = లేని చోటికి పొండి; జరగండి = ఎవరూ జరగలేదు గనుక పునరుక్తి, దోషం కాదు; రైట్ = కుడి కాదు, పోనిమ్మని.

టీక: బస్సు నామవాచకమని నరసరావుపేట బస్టాండులో అందరి నమ్మకం. కాదు, అది వట్టి విభక్తి. లాటిన్‌లో ‘ఓమ్నిబస్’ అంటే సర్వుల కొఱకు, చతుర్థీ బహువచనం. 1820ల్లో ఫ్రాన్సులోని నాంత్ పట్నంలో జనాన్ని ఎక్కించుకు తిరిగే గుర్రబ్బండికి ఈ పేరు పడింది. 1829లో షిల్లిబీర్ అనే ఆయన లండన్‌లో మూడు గుర్రాలు కట్టి 22 మందిని కూర్చోబెట్టాడు. (ఇరవై ఇద్దరట! మనకు డోరు దగ్గరే అంతమంది.) తీరికలేని ఇంగ్లీషువాడు పదం తల నరికి తోక ఉంచుకున్నాడు. సర్వులు దిగిపోయారు, ‘కొఱకు’ ఒక్కటే రోడ్డెక్కింది.

ఆ తోక పరాయిదీ కాదు. ‘రామేభ్యః’ అని వల్లించినవారికి తెలిసిన భ్యస్ ప్రత్యయమే దానికి జ్ఞాతి. ఆ దాయాది సీమ చుట్టి మన గడపకొస్తే, సకారానికి ద్విత్వం పెట్టి, చివర ఉకారం తగిలించి ఇంట్లో కలిపేసుకున్నాం.

ఆక్షేపం: ఇంతకీ ఎవరి కొఱకు?

సమాధానం: కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడి కొఱకని పూర్వుల మతం. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చాక పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్టు డబ్బుల్లేవు గనుక వారి కొఱకేనని, కడ్డీ పట్టుకు వేలాడే మగ వ్యాఖ్యాతల గొణుగుడు. రెండూ మాకు సమ్మతం కావు. అన్ని కులాలనూ ఒక్క బంతిన కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించిన సీమ ఇది; ‘సర్వుల కొఱకు’ అన్నమాట మనకు లాటిన్‌వాడు నేర్పాలా? ఆ చాప మీద మాత్రం ఎవరూ ముందే తువ్వాలు వేసినట్టు వినలేదు.

ప్రత్యక్ష ప్రమాణం: మొన్న ఎవరో సీటు కిందికి ఎండుమిరప మూట తోశారు. గతుకు తగలగానే ఘాటు లేచింది. డ్రైవరు మొదలు చంటిపిల్ల దాకా, టికెట్టున్నవాళ్లూ లేనివాళ్లూ, బస్సంతా ఒక్కసారే తుమ్మింది. ఓమ్నిబస్!

తాత్పర్యం: వెనకాల ఖాళీ బస్సు వస్తోందని కండక్టరు అంటాడు. నమ్మకండి, ఎక్కేయండి.