నా ఒంటినిండా అంకెలు వేశారు

పది మైళ్ల నడకకు బయల్దేరినవాళ్లు సరిగ్గా సగం దూరంలో నా దగ్గర ఆగుతారు. బూట్ల తాళ్లు వదులు చేసుకుంటారు, ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుంటారు, నా పిట్టగోడ మీద అరచెయ్యి ఆనించి, "ఎంత పాత వంతెనో! ఎన్ని వందల ఏళ్లుగా ఇక్కడే ఉందో!" అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. పాతదాన్నే, కాదనను. కానీ ఇక్కడిదాన్ని కాను.

నాది డెర్వెంట్ అనే ఊరు. ఇంగ్లండ్‌లో, డెర్బీషైర్ కొండల నడుమ. మా ఊరిదీ, ఊరి పక్క ఏటిదీ ఒకటే పేరు. పదిహేడో శతాబ్దంలో గరుకు ఇసుకరాయితో నన్ను కట్టారు. రెండు కానాలు, మధ్య ఒక స్తంభం. పురిటి ముచ్చట్లు అంతటితో చాలు. నేను చేసిన పని చెప్తాను, వినండి.

మీ పెరికెద్దుల్లాంటివే ఇక్కడ గుర్రాలు ఉండేవి. ఉన్ని, ఉప్పు వీపులకెత్తుకుని, ఒకదాని వెనక ఒకటి బారుగా కొండలు దాటేవి. మా జాతి వంతెనలు ఇరుకు, పిట్టగోడలు పొట్టి. మేస్త్రి రాయి మిగుల్చుకున్నాడనుకోకండి. గుర్రానికి రెండు పక్కలా వేలాడే మూటలు గోడకు రాసుకోకూడదని అలా కడతారు. ముందు నడిచే గుర్రం మెడలో గంటలుండేవి. గంటలు ఆగితే వెనక గుర్రాలన్నీ ఆగేవి. చలికాలం తెల్లవారుజామున పొగమంచులో ఏమీ కనపడకముందే గంటలు వినపడేవి, ఆ తర్వాత రాయి మీద ఇనుప లాడాల చప్పుడు. ఆ చప్పుడు కోసమే పుట్టాను నేను.

తర్వాత షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ నగరాలకు దాహం వేసింది. మా ఎగువన రెండు ఆనకట్టలు లేచాయి: 1912కి హౌడెన్, 1916కి డెర్వెంట్. అవి కట్టే కూలీల కోసం బర్చిన్లీ దగ్గర రేకుల ఇళ్లతో ఒక ఊరే వెలిసింది. బడి, ఆసుపత్రి, సారాకొట్టు అన్నీ ఉండేవి. పని అయిపోగానే ఆ రేకుల ఊరిని విప్పేశారు. అది చూసైనా నాకు బుద్ధి రావలసింది. నీళ్లు ఎగువనే ఉన్నాయిలే అని ధీమాగా ఉన్నాను.

1935లో దిగువన మూడో ఆనకట్ట మొదలైంది. పేరు లేడీబవర్. ఈసారి ముంపు మాకు. మాతోపాటు పక్కనున్న ఆషాప్టన్ అనే ఊరికీ. చర్చి తోటలో పడుకున్నవాళ్లను సమాధుల్లోంచి లేపి బామ్‌ఫర్డ్‌కు తీసుకెళ్లి మళ్లీ పూడ్చారు. జమీందారీ భవనాన్ని కూల్చేశారు. చర్చి గోపురాన్ని మాత్రం వదిలేస్తే అది నీళ్లలోంచి తల బయటపెట్టి కొన్నాళ్లు నిలబడింది. 1947 డిసెంబరులో దాన్నీ పేల్చేశారు.

నన్ను మాత్రం బతికించాలనుకున్నారు. ఎలాగంటారా? ఒక్కో రాయికీ ఒక్కో అంకె వేసి, ఊడదీసి. మూడు శతాబ్దాలు ఒకదాన్నొకటి నొక్కిపట్టి నిలిచిన రాళ్లం. కమాను నడినెత్తి రాయి తీసేసరికి మిగతావి ఇక దేన్ని పట్టుకోవాలో తెలియక జారిపోయాయి. ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా కుప్పగా పడి ఉన్నాను. వంతెన కుప్పగా పడి ఉంటే వంతెన కాదు, రాళ్లే. కింద ఏరు లేదు, మీద అడుగు లేదు. ఎవరైనా పలకరిస్తే పేరు చెప్పుకోవడానికి లేదు, నెంబరు చెప్పుకోవాలి. అప్పటికే 1945 సెప్టెంబరులో రాజు ఆరో జార్జి వచ్చి లేడీబవర్‌ను ప్రారంభించి వెళ్లాడు. పండగ దానిది, మూలన పడింది నేను.

చివరికి 1959లో ఎవరికో గుర్తొచ్చాను. హౌడెన్ జలాశయానికి ఎగువన, స్లిప్పరీ స్టోన్స్ అనే చోట మళ్లీ పేర్చారు. ఆ పేరుకు అర్థం జారుడు రాళ్లు. వెనకటికి ఏరు దాటే రేవు అది. అంకెల వరసలో నన్ను నేను మళ్లీ కూడదీసుకున్నాను. జాన్ డెరీ జ్ఞాపకార్థం అని ఒక ఫలకం కూడా తగిలించారు. ఈ కొండల్లో కాలినడకల గురించి పుస్తకం రాసిన మనిషి. మంచివాడే. గుర్రాలు తోలినవాళ్ల పేర్లు మాత్రం నా ఒంటి మీద ఒక్కటీ లేవు.

ఇప్పుడు నా పని షికారు వాళ్లను దాటించడం. ఫెయిర్‌హోమ్స్‌లో కారు నిలిపి, డెర్వెంట్ ఆనకట్ట జంట బురుజులు చూస్తారు. 1943లో ఆ బురుజుల మీదుగానే బాంబు విమానాలు నీటిని రాసుకుంటూ ఎగిరి సాధన చేశాయి. పడమటి ఒడ్డున ఒక కుక్క స్మారకం దగ్గర ఆగుతారు. దాని పేరు టిప్. 1953-54 చలికాలంలో, కొండ మీద చనిపోయిన ముసలి కాపరి పక్కన 15 వారాలు కాపలా ఉంది. బర్చిన్లీ ఆనవాళ్లు దాటి, హౌడెన్ దాటి, నా దగ్గరికొచ్చి, నా మీదుగా ఏరు దాటి తూర్పు ఒడ్డున చెట్ల నీడలో వెనక్కి వెళ్తారు. ఎండలు ముదిరి లేడీబవర్ అడుగంటిన 2018, 2022 లాంటి ఏళ్లలో మా ఊరి పునాదులు తేలితే చూడ్డానికి జనం ఎగబడతారు. వాళ్లకది వింత. నన్నెవరూ తీసుకెళ్లి చూపించరు.

ఒక్కటి మాత్రం ఎవరూ గమనించరు. నా కింద పారే నీరు హౌడెన్‌లోకి, అక్కణ్నుంచి డెర్వెంట్‌లోకి, ఆపైన లేడీబవర్‌లోకి దిగుతుంది. నేను ఒకప్పుడు నిలబడిన చోటు మీదకే వెళ్లి నిలుస్తుంది. మీ నడక చుట్టు తిరిగి మీ కారు దగ్గరికి చేరుతుంది. నాకా వీలు లేదు. నా బదులు ఏరు వెళ్లొస్తుందనుకుంటాను. అందుకే దాన్ని శుభ్రంగా పంపాలని నా ఆరాటం.

టీ తాగడం అయిందా? సరే, బయల్దేరండి. ఆ అరటితొక్కా, బిస్కెట్ కాగితమూ మాత్రం నా సందుల్లో కుక్కకుండా జేబులో వేసుకోండి. ఆ ఏరు మా ఊరికి వెళ్తోంది.