కొత్త పిట్టను కనిపెట్టాలంటే పిల్లి చాలు

మీ పేరు మీద ఒక పక్షిజాతి ఉండాలని సరదాగా ఉందా? బైనాక్యులర్లకు డబ్బు తగలేయకండి. ఒక పిల్లిని తెచ్చుకోండి. చూలుతో ఉన్నదైతే మరీ మంచిది.

తర్వాత దీవి చూసుకోవాలి. న్యూజీలాండ్‌లో కుక్ జలసంధి దగ్గర స్టీఫెన్స్ దీవి అని ఒకటుంది, ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు. 1894లో అక్కడ లైట్‌హౌస్ వెలిగింది. మనుషులొచ్చారు, వెనకే పిల్లులూ వచ్చాయి. మసక చీకట్లో రాళ్ల సందుల్లో తుర్రుమనే పిట్ట ఒకటి అక్కడుండేది. తోక ఉందా లేదా అన్నట్టుండేది, ఎగరడం రాదు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నవాళ్లకు ఎలుకలా పరిగెత్తే ఈ పిట్ట సంగతి తెలియదు. పిల్లి పట్టుకొచ్చిన వాటిని లైట్‌హౌస్ సహాయకుడు డేవిడ్ లయల్ దాచిపెట్టాడు. మీరూ అంతే, పొద్దున్నే గుమ్మం ఊడ్చేముందు ఒకసారి వంగి చూడండి.

సరుకు ఒక్కరికే అమ్మకండి. ఒక పిట్ట న్యూజీలాండ్‌లోనే ఉన్న పక్షి శాస్త్రజ్ఞుడు వాల్టర్ బుల్లర్‌కు చేరింది. వ్యాపారి ట్రావెర్స్ మాత్రం తొమ్మిదింటిని ఇంగ్లండులో పక్షుల్ని సేకరించే రోత్‌స్‌చైల్డ్‌కు అమ్మాడు. 1894 డిసెంబరులో రోత్‌స్‌చైల్డ్ ముందుగా నామకరణం చేసేశాడు, ట్రావెర్సియా లయల్లి అని. శాస్త్రీయ నామాల్లోనూ మన తెలుగువాళ్లలాగే ఇంటిపేరు ముందొస్తుంది. అది వ్యాపారిది, అసలు పేరు లయల్‌ది. కష్టపడ్డ పిల్లికి ఏమీ లేదు. 1895 మార్చికల్లా న్యూజీలాండ్ పత్రిక ఒకటి, ఆ పిట్ట ఇక లేనట్టేనని రాసింది. బారసాలకూ కర్మకూ మధ్య ఇంత తక్కువ ఎడం ఉంటే ఖర్చు కలిసొస్తుంది.

ఎవరైనా అడిగితే నేరం ఒక్క పిల్లి మీదికి తోసేయండి. దానికి టిబుల్స్ అని పేరు కూడా ఉంది. పిల్లులు చాలా ఉండేవని తర్వాత తేల్చినవాళ్ల మాట ఎవరు వింటారు!

గోత్రం విషయంలో బుర్ర పెట్టొద్దు. చిన్నగా, పొట్టితోకతో ఉంటే ఇంగ్లండు పెరట్లో చూసిన రెన్ పిట్ట పేరు తగిలించండి. మన కాకి, పిచ్చుక, ఆ ఇంగ్లండు రెన్ అన్నీ ఒక కొమ్మ అయితే, ఈ న్యూజీలాండ్ రెన్‌లు వాటన్నిటికంటే ముందే చీలిన వేరే కొమ్మ అని జన్యువులు చెబుతున్నాయి. చెప్పనివ్వండి, బోర్డు మార్చడం దండగ.

జాలి కలిగితే ఆలస్యంగా కలగనివ్వండి. 1964లో బిగ్ సౌత్ కేప్ దీవిని ఎలుకలు ముంచెత్తాక ఇదే కుటుంబానికి చెందిన ఆరు బుష్ రెన్‌లను కైమోహు దీవికి చేర్చారు. 1972 నాటికి అవీ లేవు.

ఇప్పుడు ఈ కుటుంబంలో మిగిలినవి ఆరేసి గ్రాముల రైఫిల్‌మన్, దక్షిణ దీవి కొండల్లో నేలమీద గూడు కట్టే రాక్ రెన్. రెంటికీ పేర్లున్నాయి, మీకక్కడ పనిలేదు. పిల్లిని బుట్టలో పెట్టుకుని ఇంకో దీవికి బయల్దేరండి.